మాత్రలో మందు ఎంతుందో ఎలక్ట్రోడ్‌తో కొలవడం ఎలా

ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ల మీద వచ్చే పరిశోధనా పత్రాలు తిరగేస్తే ఒక పోటీ కనిపిస్తుంది. ఎవరి సెన్సర్ ఎంత తక్కువ గాఢతను పట్టుకోగలదా అని. నానోమోలార్, పికోమోలార్ అంటూ అంకెలు కిందికి జారుతూనే ఉంటాయి. రక్తంలోనో, కాలువ నీళ్లలోనో మందు జాడ వెతికేవాళ్లకు అది అవసరమే. మాత్రల్లో మందు కొలిచేవాళ్లకు మాత్రం దానితో పెద్దగా పని లేదు. 500 మిల్లీగ్రాముల మాత్రలో మందు దండిగా ఉంటుంది, కొలవడానికి వీలుగా మనమే దాన్ని వందల రెట్లు పలచన చేస్తాం. తేలాల్సిందల్లా అందులో 500 ఉందా, 470 ఉందా అన్నది. అలా తేలాలంటే ఒకే ద్రావణాన్ని ఆరుసార్లు కొలిచినా దాదాపు ఒకే అంకె రావాలి. ఆ నిలకడ ఎలక్ట్రోడ్ శుభ్రత నుంచి, నమూనా తయారీ నుంచి వస్తుంది. ఖరీదైన నానో పదార్థాల వంతు ఆ తర్వాతే.

ఇక్కడ ఉదాహరణగా పారాసిటమాల్ తీసుకుంటున్నాను. నీళ్లలో కరుగుతుంది, తేలిగ్గా ఆక్సీకరణం చెందుతుంది, గ్రాఫులో పీక్ (కరెంట్ శిఖరం) స్పష్టంగా వస్తుంది. చేయి తిరిగాక ఇదే పద్ధతిని వేరే మందులకు మార్చుకోవచ్చు.

ముందుగా: మీ మందు ఈ పద్ధతికి లొంగుతుందా?

ఎలక్ట్రోడ్ మీద వోల్టేజ్ పెంచుతూ పోతే ఒకచోట మందు అణువు ఎలక్ట్రాన్లను వదులుకుంటుంది, లేదా వోల్టేజ్ తగ్గిస్తూ పోతే తీసుకుంటుంది. ఆ ఎలక్ట్రాన్ల ప్రవాహమే మనం కొలిచే కరెంట్. మిగతా పరిస్థితులన్నీ మారకుండా ఉంటే ఆ కరెంట్ మందు గాఢతకు అనులోమంగా ఉంటుంది. సూత్రం ఇంతే.

కాబట్టి అణువులో ఎలక్ట్రాన్లు ఇచ్చే భాగమో, తీసుకునే భాగమో ఉండాలి. ఫినాల్, కాటెకాల్, ఆరోమాటిక్ ఎమైన్, థయాల్ ఉన్న మందులు ఆక్సీకరణం చెందుతాయి. పారాసిటమాల్, డైక్లోఫెనాక్, డోపమైన్ ఈ జాబితాలోవే. మెట్రోనిడజోల్, క్లోరాంఫెనికాల్, నిఫెడిపిన్‌లలో నైట్రో గుంపు ఉంటుంది కాబట్టి అవి క్షయకరణం చెందుతాయి. రెండూ లేని మందు నీళ్లలో అయాన్‌గా ఉంటే, వోల్టామెట్రీని (వోల్టేజ్ మారుస్తూ కరెంట్ కొలిచే ఈ పద్ధతిని) వదిలేసి అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ వైపు వెళ్లండి. అక్కడ కరెంట్ బదులు పొటెన్షియల్ కొలుస్తారు, ఏక ఆవేశం ఉన్న అయాన్‌కు గాఢత పది రెట్లు మారితే 25 డిగ్రీల దగ్గర 59 మిల్లీవోల్టుల తేడా రావాలి. అదో వేరే విద్య, ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.

పారాసిటమాల్ రెండు ఎలక్ట్రాన్లు, రెండు ప్రోటాన్లు వదిలి ఎన్-ఎసిటైల్-పి-బెంజోక్వినోన్ ఇమైన్‌గా మారుతుంది. డోసు మితిమీరినప్పుడు కాలేయాన్ని దెబ్బతీసేది కూడా ఈ పదార్థమే. శరీరంలో ఎంజైములు చేసే పనిని ఇక్కడ కార్బన్ కడ్డీ చేస్తోందన్నమాట. ప్రోటాన్లకు ఇందులో పాత్ర ఉంది కాబట్టి పీహెచ్ ఒక యూనిట్ పెరిగితే పీక్ సుమారు 59 మిల్లీవోల్టులు తక్కువ పొటెన్షియల్ వైపు జరుగుతుంది. బఫర్ (పీహెచ్ మారకుండా పట్టి ఉంచే ద్రావణం) విషయంలో అశ్రద్ధ పనికిరాదని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

సామగ్రి

పొటెన్షియోస్టాట్ (వోల్టేజ్ ఇచ్చి కరెంట్ కొలిచే పరికరం), 3 మిల్లీమీటర్ల వ్యాసం గల గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్ (మందు ఆక్సీకరణం చెందేది దీని మీదే), సిల్వర్–సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ (పొటెన్షియల్‌ను దీనితో పోల్చి కొలుస్తాం), ప్లాటినం తీగ (కరెంట్ వలయాన్ని పూర్తి చేయడానికి), చిన్న గాజు సెల్. పాలిషింగ్ ప్యాడ్, 1, 0.3, 0.05 మైక్రాన్ల అల్యూమినా పొడులు. సోనికేటర్ (అల్ట్రాసౌండ్‌తో ద్రావణాన్ని కుదిపే పరికరం), పీహెచ్ మీటర్, 0.1 మిల్లీగ్రాము వరకు చూపే తక్కెడ, వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులు, పిపెట్లు. స్వచ్ఛత ఎంతో తెలిసిన పారాసిటమాల్ స్టాండర్డ్. తక్కెడ, ఫ్లాస్కుల దగ్గర పొదుపు చేయకండి. చివరి అంకెలో వచ్చే తప్పుల్లో చాలావాటికి పుట్టిల్లు అక్కడే, పొటెన్షియోస్టాట్ కాదు.

రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌ను వాడనప్పుడు దాని లోపల ఏ ద్రావణం ఉందో అందులోనే, సాధారణంగా 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో, ముంచి ఉంచాలి. కొన దగ్గర గాలి బుడగ చిక్కుకుంటే గ్రాఫంతా గీతలు గీతలుగా వణుకుతుంది. చిన్నగా వేలితో తట్టితే చాలాసార్లు బుడగ పైకి పోతుంది.

1. బఫర్, స్టాండర్డ్

లీటరుకు 13.61 గ్రాముల పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్‌తో ఒక ద్రావణం, 17.42 గ్రాముల డైపొటాషియం హైడ్రోజన్ ఫాస్ఫేట్‌తో మరో ద్రావణం చేయండి. రెండూ 0.1 మోలార్ అవుతాయి. రెండో దాన్ని ఆరు పాళ్లు, మొదటి దాన్ని నాలుగు పాళ్లు కలిపితే పీహెచ్ 7 దగ్గరకు వస్తుంది. మిగతా సర్దుబాటు మీటర్ చూసి చేసుకోండి. ఒక రోజు పనికంతటికీ ఒకే సీసాలోని బఫర్ వాడండి. మధ్యలో అయిపోతే కొత్తగా కలిపిన దానితో స్టాండర్డ్‌ను మళ్లీ కొలవాలి.

పారాసిటమాల్ అణుభారం 151.16. అంటే 151.2 మిల్లీగ్రాములు తూచి 100 మిల్లీలీటర్లకు బఫర్‌తో నింపితే 10 మిల్లీమోలార్ స్టాక్ వస్తుంది. అందులోంచి 5 మిల్లీలీటర్లు 50కి పెంచితే 1 మిల్లీమోలార్. స్టాండర్డ్‌ను ఏ రోజుకారోజు కలుపుకోవడం మేలు.

2. ఎలక్ట్రోడ్ పాలిష్

అసలు పని ఇది. దీన్ని తొందరగా ముగించినవాళ్లకే తర్వాత టెన్షన్.

ప్యాడ్ మీద నీళ్లతో తడిపిన 1 మైక్రాన్ అల్యూమినా వేసి, ఎలక్ట్రోడ్‌ను నిటారుగా పట్టుకుని ఎనిమిది అంకె ఆకారంలో నిదానంగా తిప్పండి. గట్టిగా నొక్కకూడదు, పక్కకు వాలకూడదు. వాలితే ఉపరితలం ఒకవైపు అరిగి, వైశాల్యం మారిపోతుంది. ఒకట్రెండు నిమిషాల తర్వాత నీళ్లతో బాగా కడిగి, ఇంకో ప్యాడ్ మీద 0.3తో, ఆ తర్వాత మరో ప్యాడ్ మీద 0.05తో అదే చేయండి. ఒక్కో పొడికి ఒక్కో ప్యాడ్. ముతక పొడి ఒక్క రేణువు సన్న ప్యాడ్ మీద పడినా అప్పటిదాకా చేసింది వృథా. చివరికి ముఖం అద్దంలా మెరవాలి. ఆ పైన స్వచ్ఛమైన నీళ్లలో ఒక నిమిషం, ఇథనాల్‌లో ఒక నిమిషం సోనికేట్ చేసి అల్యూమినా అవశేషాలు వదిలించండి. ఎక్కువసేపు సోనికేట్ చేస్తే కార్బన్‌కూ దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌కూ మధ్య సందు ఏర్పడుతుంది, అందులోకి ద్రావణం దూరితే బేస్‌లైన్ ఎప్పటికీ కుదురుగా ఉండదు.

రోజూ మొదట్లో మూడు పొడులూ అక్కర్లేదు. గీతలు పడనంతవరకు 0.05 ఒక్కటే సరిపోతుంది.

3. నమ్మే ముందు పరీక్షించండి

మెరుస్తోంది కాబట్టి శుభ్రంగా ఉందనుకోవద్దు. 0.1 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో 5 మిల్లీమోలార్ పొటాషియం ఫెర్రిసయనైడ్ కలిపి, సెకనుకు 50 లేదా 100 మిల్లీవోల్టుల వేగంతో సైక్లిక్ వోల్టామోగ్రామ్ (వోల్టేజ్‌ను పైకి, మళ్లీ కిందికి తీసుకెళ్తూ గీసే కరెంట్ గ్రాఫ్) తీయండి. పైకి వెళ్లేటప్పుడు ఒక పీక్, తిరిగి వచ్చేటప్పుడు ఒక పీక్ వస్తాయి. రెండింటి మధ్య దూరం సిద్ధాంతం ప్రకారం 59 మిల్లీవోల్టులు. నిజ జీవితంలో 65–80 మధ్య ఉంటే పనికొస్తుంది. 100 దాటితే మళ్లీ పాలిష్‌కు వెళ్లాల్సిందే. ఈ పీక్ కరెంట్‌ను రోజూ నోట్‌బుక్‌లో రాసి పెట్టండి. ఒక నెల తర్వాత అది మెల్లగా పడిపోతూ వస్తుంటే ఎలక్ట్రోడ్ ముసలిదైపోతోందని మీకు ముందే తెలుస్తుంది.

4. కొలిచే పద్ధతి ఎంచుకోవడం

ముందు 100 మైక్రోమోలార్ పారాసిటమాల్‌తో 0 నుంచి 0.8 వోల్టుల దాకా సైక్లిక్ వోల్టామెట్రీ చేయండి. పీహెచ్ 7 దగ్గర గ్లాసీ కార్బన్ మీద పీక్ 0.4 వోల్టుల చుట్టుపక్కల కనిపించాలి. ఇది పీక్ ఎక్కడుందో, ఎలా ప్రవర్తిస్తోందో తెలుసుకోవడానికి. స్కాన్ వేగాన్ని సెకనుకు 20 నుంచి 200 మిల్లీవోల్టుల దాకా మార్చి చూడండి. పీక్ కరెంట్ వేగం వర్గమూలంతో పాటు పెరిగితే అణువులు ద్రావణంలోంచి వ్యాపనం ద్వారా వస్తున్నాయి. వేగంతో నేరుగా పెరిగితే ఉపరితలానికి అంటుకుంటున్నాయి. అంటుకునే మందైతే ప్రతి కొలత మధ్యా శుభ్రం చేయక తప్పదు.

పరిమాణం తేల్చడానికి మాత్రం డిఫరెన్షియల్ పల్స్ వోల్టామెట్రీకి మారండి. ఇది ప్రతి పల్స్‌కు ముందు ఒకసారి, చివర్లో ఒకసారి కరెంట్ చదివి తేడా చూపిస్తుంది. ఉపరితలం ఛార్జ్ అవడానికి పోయే వృథా కరెంట్ చాలావరకు రద్దయిపోతుంది, పీక్ నిటారుగా నిలబడుతుంది. మొదలుపెట్టడానికి పల్స్ ఎత్తు 50 మిల్లీవోల్టులు, పల్స్ కాలం 50 మిల్లీసెకన్లు, స్టెప్ 5 మిల్లీవోల్టులు పెట్టి చూడండి. ఒకసారి ఖాయం చేశాక వీటిని మళ్లీ ముట్టుకోవద్దు.

ఆక్సీకరణ పీక్‌కు నైట్రోజన్ పంపాల్సిన పని లేదు. నైట్రో మందుల్లాంటివాటిని క్షయకరణ వైపు కొలుస్తుంటే మాత్రం పది నిమిషాలైనా నైట్రోజన్ బుడగలు పంపాలి. లేకపోతే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ తన పీక్‌ను మీ పీక్ మీద వేసేస్తుంది.

5. మాత్రలను సిద్ధం చేయడం

ఒక్క మాత్ర తీసుకుని కొలిస్తే ఆ ఒక్క మాత్ర గురించే తెలుస్తుంది. 20 మాత్రలు తూచి సగటు బరువు కట్టండి. అన్నిటినీ కల్వంలో మెత్తగా నూరండి. ఉదాహరణకు సగటు బరువు 580 మిల్లీగ్రాములు, లేబుల్ మీద 500 అని ఉందనుకుందాం. 151.2 మిల్లీగ్రాముల మందుకు సమానమైన పొడి కావాలంటే 151.2ను 580తో గుణించి 500తో భాగించాలి, 175.4 మిల్లీగ్రాములు వస్తుంది. సరిగ్గా అంతే తూచాలని తంటాలు పడక్కర్లేదు. దగ్గరగా తూచి, నిజంగా ఎంత తూచారో గ్రాముల్లో నాలుగో దశాంశం దాకా రాసుకుంటే లెక్కలో సర్దుకోవచ్చు.

ఆ పొడిని 100 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో వేసి, సుమారు 70 మిల్లీలీటర్ల బఫర్ పోసి 15 నిమిషాలు సోనికేట్ చేయండి. సోనికేటర్ ద్రావణాన్ని వేడెక్కిస్తుంది. గది ఉష్ణోగ్రతకు చల్లారాకే గీత దాకా నింపాలి. వేడిగా ఉన్నప్పుడు నింపితే చల్లారాక మట్టం గీత కిందికి దిగుతుంది. తెల్లటి మడ్డి కొంత మిగిలితే కంగారు వద్దు, అది స్టార్చ్, మెగ్నీషియం స్టియరేట్, పూత పదార్థాలు. వడకట్టి, మొదటి కొన్ని మిల్లీలీటర్లు పారబోయండి. ఫిల్టర్ కాగితం మొదట్లో కొంత మందును పట్టుకోవచ్చు. ఈ ద్రావణంలోంచి 5 మిల్లీలీటర్లు 50కి పెంచితే, లేబుల్ నిజమైతే, 1 మిల్లీమోలార్ ఉండాలి.

6. స్టాండర్డ్ అడిషన్, లెక్క

స్టాండర్డ్‌లతో విడిగా కాలిబ్రేషన్ గీత గీసి, దాని మీద నమూనా విలువ చదవడం ఒక దారి. రోజుకు చాలా నమూనాలుంటే అదే తేలిక. 10 నుంచి 100 మైక్రోమోలార్ మధ్య కనీసం ఐదు గాఢతలు తీసుకోండి. కానీ మాత్రలోని ఇతర పదార్థాలు కరెంట్‌ను కాస్త తగ్గిస్తున్నాయేమో అనే అనుమానం ఈ దారిలో తీరదు. నేనైతే కొత్త బ్రాండో, కొత్త సిరప్పో చేతికొస్తే ముందు స్టాండర్డ్ అడిషన్ చేయమంటాను, అంటే నమూనాలోనే తెలిసినంత స్టాండర్డ్‌ను కొంచెం కొంచెంగా కలుపుతూ కరెంట్ ఎంత పెరిగిందో చూడటం.

25 మిల్లీలీటర్ల ఫ్లాస్కులు నాలుగు తీసుకోండి. నాలుగింటిలోనూ 1 మిల్లీమోలార్ నమూనా 1 మిల్లీలీటరు వేయండి. తర్వాత వరుసగా 0, 0.5, 1, 1.5 మిల్లీలీటర్ల 1 మిల్లీమోలార్ స్టాండర్డ్ కలిపి, బఫర్‌తో గీత దాకా నింపండి. కలిపిన స్టాండర్డ్ 0, 20, 40, 60 మైక్రోమోలార్ అవుతుంది. నమూనా వాటా లేబుల్ ప్రకారం 40 ఉండాలి.

లెక్క చూపడానికి ఊహించిన అంకెలు తీసుకుందాం. పీక్ కరెంట్లు 2.40, 3.63, 4.83, 6.06 మైక్రోఆంపియర్లు వచ్చాయనుకోండి. కలిపిన గాఢతను అడ్డంగా, కరెంట్‌ను నిలువుగా పెట్టి గీసిన గీత వాలు 0.0609, అది నిలువు అక్షాన్ని తాకే చోటు 2.403. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 39.46 మైక్రోమోలార్. 40కి ఇది 98.6 శాతం, అంటే మాత్రకు 493 మిల్లీగ్రాములు. బ్రిటిష్ ఫార్మకోపియా పారాసిటమాల్ మాత్రలకు 95–105 శాతం, అమెరికా ఫార్మకోపియా 90–110 శాతం హద్దు పెట్టాయి. ఈ ఫలితం రెండింటిలోనూ ఇముడుతుంది.

కొలిచేటప్పుడు క్రమం తప్పకూడదు. ద్రావణం పోయండి, కలపండి, కలపడం ఆపి 15 సెకన్లు ఆగండి, స్కాన్ చేయండి. నీళ్లు ఇంకా కదులుతుండగా స్కాన్ మొదలుపెడితే కరెంట్ ఎక్కువగా వస్తుంది. పీక్ ఎత్తు కొలిచే బేస్‌లైన్ అన్ని గ్రాఫులకూ ఒకే రెండు పొటెన్షియల్‌ల మధ్య గీయండి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను గీసేది ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే కరెంట్ సుమారు 1–2 శాతం మారుతుంది. పొద్దున స్టాండర్డ్, మధ్యాహ్నం ఏసీ ఆగిపోయాక నమూనా కొలిస్తే 5 శాతం హద్దు అక్కడే ఖర్చైపోవచ్చు.

7. అడ్డొచ్చేవి

మాత్రల్లోని స్టార్చ్, లాక్టోజ్, టాల్క్ లాంటివి ఈ పొటెన్షియల్ దగ్గర మాట్లాడవు. గొడవ తెచ్చేవి వేరు. జలుబు మందుల్లో తరచూ విటమిన్ సి ఉంటుంది. అది శుభ్రమైన గ్లాసీ కార్బన్ మీద పారాసిటమాల్ కంటే కొంచెం ముందే ఆక్సీకరణం చెందుతుంది, పీక్‌లు ఒకదాని మీద ఒకటి పడతాయి. కెఫీన్‌తో ఆ బెడద లేదు, దానికి ఒక వోల్టుకు పైగా వెళ్లాలి. సిరప్‌లలోని పారాబెన్‌లు కూడా ఫినాల్‌లే, అయితే పారాసిటమాల్ కంటే చాలా ఎక్కువ పొటెన్షియల్ దగ్గర వస్తాయి. మీరు 0.7 దగ్గర స్కాన్ ఆపేస్తే వాటి పీక్ కనబడదు.

0.1 వోల్టు దరిదాపుల్లో చిన్న పీక్ కనిపిస్తే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. పారాసిటమాల్ చెడిపోతే వచ్చే పి-ఎమైనోఫినాల్ ఆ ప్రాంతంలోనే ఆక్సీకరణం చెందుతుంది. అదే అనుకుంటే ఆ పదార్థాన్ని కొంచెం కలిపి చూడండి, అదే పీక్ పెరిగితే అనుమానం బలపడుతుంది.

ఎలక్ట్రోడ్‌కు పూత ఎప్పుడు వేయాలి?

పై పీక్‌లు విడిపోకపోతే అప్పుడు. మల్టీవాల్ కార్బన్ నానోట్యూబ్‌లను మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున డైమిథైల్ ఫార్మమైడ్‌లో సోనికేట్ చేసి, 5 మైక్రోలీటర్లు ఎలక్ట్రోడ్ ముఖం మీద వేసి ఆరబెట్టడం ఎక్కువమంది చేసే పని. ఆ ద్రావకం ఆవిరి మంచిది కాదు, ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి. చాలాసార్లు విటమిన్ సి పీక్ ఎడమకు జరిగి పారాసిటమాల్ విడిగా నిలుస్తుంది. పైన పలచటి నాఫియాన్ పొర వేస్తే, దాని రుణావేశం ఆస్కార్బేట్‌ను (విటమిన్ సి అయాన్‌ను) చాలావరకు దూరంగా నెడుతుంది.

దీనికి మూల్యం ఉంది. చేత్తో వేసిన చుక్క ప్రతిసారీ ఒకేలా ఆరదు. అంచుల్లో మందంగా, మధ్యలో పలచగా మిగులుతుంది. రెండు పూతల మధ్య కరెంట్ తేడా మామూలు ఎలక్ట్రోడ్‌లో వచ్చే తేడాను సులభంగా మించిపోతుంది. పూత వేసిన ఎలక్ట్రోడ్‌తో మొదలుపెట్టిన స్టాండర్డ్ అడిషన్‌ను అదే పూతతో పూర్తి చేయాలి. పూత లేకుండా పని జరిగితే పూత వేయకండి.

పద్ధతి నిలబడుతుందని చూపించడం

మందుల పరీక్షా పద్ధతులను రుజువు చేయడానికి ఐసీహెచ్ అనే అంతర్జాతీయ మండలి ఇచ్చిన క్యూ2 మార్గదర్శకం అడిగేవి ఇవి. రేఖీయతకు కనీసం ఐదు గాఢతలు, కచ్చితత్వానికి మూడు స్థాయిల్లో మొత్తం తొమ్మిది కొలతలు, పునరావృతికి 100 శాతం స్థాయిలో ఆరు కొలతలు. గుర్తింపు హద్దుకు ప్రామాణిక విచలనాన్ని 3.3తో గుణించి వాలుతో భాగించాలి, పరిమాణ హద్దుకు 10తో. బ్లాంక్‌లో (మందు లేని ద్రావణంలో) పీకే లేనప్పుడు, దాని విచలనం దాదాపు సున్నా వచ్చి హద్దు అబ్బురంగా చిన్నదిగా కనిపిస్తుంది. అలాంటప్పుడు కాలిబ్రేషన్ గీత విచలనం వాడటం నిజాయితీ. ఆరు కొలతలను ఒకే పాలిష్ మీద చేస్తే సగం కథే తెలుస్తుంది. మూడుసార్లు పాలిష్ చేసి, ఒక్కోదాని మీద రెండేసి కొలవండి. మీ అసలు చెదురు అప్పుడు బయటపడుతుంది.

చివరగా అదే పొడిని 243 నానోమీటర్ల దగ్గర యూవీ కాంతి శోషణతోనో, హెచ్‌పీఎల్‌సీతోనో (ద్రవ క్రోమటోగ్రఫీ) కొలిచి పోల్చండి. రెండు వైపులా ఆరేసి ఫలితాలుంటే, 95 శాతం నమ్మకంతో టీ విలువ (రెండు సగటుల తేడాను పరీక్షించే గణాంక సంఖ్య) 2.228 దాటకూడదు. అమ్మకానికి వెళ్లే బ్యాచ్‌ను పాస్ చేయాలంటే ఫార్మకోపియా చెప్పిన పద్ధతి, లేదా దానికి సమానమని రుజువైన పద్ధతి వాడాల్సిందే.

అంకెలు తేడా కొడుతుంటే

వరుస స్కాన్‌లలో పీక్ తగ్గుతూ పోతుంటే ఉపరితలం మీద ఆక్సీకరణ ఫలితాలు పేరుకుంటున్నాయి. 0.05 అల్యూమినా మీద ఒక నిమిషం తిప్పి కడగండి. ప్రతి ఐదు నమూనాలకు ఒకసారి స్టాండర్డ్ కొలవండి, 2–3 శాతం మించి తగ్గితే ఆగి పాలిష్ చేసి, ఆ ఐదూ మళ్లీ కొలవండి. అన్ని పీక్‌లూ కలిసికట్టుగా ఒక పక్కకు జరిగితే తప్పు రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌దో, పీహెచ్‌దో. గ్రాఫ్ గజిబిజిగా ఉంటే బుడగ, వదులు క్లిప్, దగ్గర్లోని స్టిరర్ మోటర్, ఈ వరుసలో చూడండి. కరెంట్ అసలే రాకపోతే మూడు తీగల్లో ఏదో ఒకటి ద్రావణంలో మునగలేదు.

గాఢత పెరిగేకొద్దీ గీత వంగుతుంటే, ఆ వంపును సమీకరణంతో సరిచేయాలని చూడకండి. నమూనాను ఇంకో రెండింతలు పలచన చేయండి. మాత్రలో మందుకు కొదవ లేదు.